ఖాళీ స్లాటు

తెనాలిలో మా డాబా మీద తొమ్మిది చోట్ల ఇనుప ఊచలు ఆకాశంలోకి చూస్తూ నిలబడి ఉంటాయి. 1994లో స్లాబు పోసినప్పుడు స్తంభాల మీద మూడేసి అడుగులు వదిలేసిన ఊచలవి. "రేపు పైన ఇంకో అంతస్తు లేపుకోవచ్చండీ" అన్నాడు మేస్త్రి. ఆ రేపు అన్న మాట నాన్నకి నచ్చింది. పునాది కూడా రెండంతస్తులకి సరిపడా తీయించాడు. ఆ లోతుకీ ఆ ఇనుముకీ అదనంగా ఎంతయిందో నాన్న ఎప్పుడూ చెప్పలేదు గానీ, అమ్మ మాత్రం తన రెండు పేటల గొలుసు ఏమైందో అడక్కుండానే చెబుతుంది. ముప్పై ఏళ్ళు దాటింది. ఏటా తొలకరి ముందు ఆ ఊచలకి సిమెంటు పాలు పూయించడం నాన్న మానడు. వాటి మధ్య దండేలు కట్టి అమ్మ బట్టలారేస్తుంది. పై అంతస్తు వస్తుందని ఇప్పుడెవరూ అనుకోవడం లేదు. ఊచలు కోయించేద్దామంటే మాత్రం నాన్న వినబడనట్టు పేపరు తిరగేస్తాడు.

అలాంటి ఇల్లు నేనూ ఒకటి కట్టాను. టేబుల్ కింద పట్టే నల్ల కేబినెట్ అది. 2015లో మూడు శనివారాలు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ కొట్ల సముదాయం మెట్లు ఎక్కి దిగి, నాలుగు కొటేషన్లు జేబులో కుక్కుకుని, ఆఖరికి ఆటల కోసమని ఒక కంప్యూటర్ అసెంబుల్ చేయించాను. నాకప్పటికి ముప్పై ఆరేళ్ళు. ఆటల వయసు ఎప్పుడో దాటిపోయిందని ఇంట్లో అందరి అభిప్రాయం. గ్రాఫిక్స్ కార్డు దగ్గర బేరం తెగింది. 4 జీబీ మెమరీ, 145 వాట్ల కరెంటు. ఆ ఏడు మధ్యతరగతి వాడు తలెత్తుకుని కొనుక్కోగలిగిన కార్డు. అప్పుడు కొట్టతను గొంతు తగ్గించి అన్నాడు: "సార్, బోర్డు మాత్రం రెండు కార్డులు పట్టేది తీసుకోండి. ఐదు వేలే తేడా. ఏడాది పోయాక ఇంకోటి వేశారనుకోండి, డబుల్." పవర్ సప్లై 500 వాట్లది చాలట గానీ, 750 అయితే "రేపటికి" ఉంటుందట. ఇంకో మూడు వేలు.

ఆ రేపు అన్న మాటలో మా మేస్త్రి గొంతు వినబడింది. వినబడినా డబ్బులు తీసిచ్చాను. బిల్లులో కార్డు ఒకటే ఉంది. నేను కట్టింది ఒక కార్డుకీ, ఒక ఖాళీ స్లాటుకీ. ఆ ఖాళీ ధర ఎనిమిది వేలు.

డబ్బు దండగయిందని అప్పుడు అనిపించలేదు, అబద్ధమెందుకు. ఖాళీ స్లాటు ఇచ్చే ధీమాయే వేరు. ఏదైనా ఆట కాస్త నత్తనడక నడిస్తే, "సర్లే, ఇంకోటి వేస్తే ఎగురుతుంది" అనుకునేవాణ్ణి. లాకర్లో నగ ఉన్న ఇల్లాలు పేరంటానికి నూలు చీరలో వెళ్ళినా తలొంచుకోదు. అలా ఉండేది నా సంగతి. కేబినెట్ పక్క అద్దంలోంచి ఆ స్లాటు కనబడుతూ ఉండేది. దుమ్ము పట్టకుండా దాని మీద చిన్న ప్లాస్టిక్ తొడుగు కూడా వేశాను. సిమెంటు పాలు పూయడమే అది, ఆలోచిస్తే.

రెండు కార్డుల ఆశ కొట్టతను పుట్టించింది కాదు. దానికో వంశం ఉంది. 1998లో త్రీడీఎఫ్‌ఎక్స్ అనే అమెరికా కంపెనీ వూడూ 2 అని ఒక కార్డు తెచ్చింది. అలాంటివి రెండు కొని, కేబినెట్ లోపల చిన్న పట్టీ కేబుల్‌తో కలిపితే, తెర మీద గీతలు పంచుకుని గీసేవి. సరిసంఖ్య గీతలు ఒకటి, బేసిసంఖ్య గీతలు ఇంకొకటి. దాని పేరు స్కాన్ లైన్ ఇంటర్‌లీవ్, పొట్టిగా ఎస్‌ఎల్ఐ. ఒక కార్డుతో 800 × 600 దగ్గర ఆగిపోయే ఆట రెండింటితో 1024 × 768కి వెళ్ళేది. మామూలు బొమ్మలు చూపించడానికి ఇంకో కార్డు వేరే ఉండాలి కాబట్టి నిజానికి అది మూడు కార్డుల సంసారం. అయినా పంపకం న్యాయంగా ఉంది. గీతకి గీత, అన్నదమ్ములు వరి మళ్ళు పంచుకున్నట్టు. త్రీడీఎఫ్‌ఎక్స్ ఎంతో కాలం నిలవలేదు. 2000 చివర్లో దాని ఆస్తుల్లో చాలా భాగం కొనుక్కున్న ఎన్‌విడియా, 2004లో అవే మూడు అక్షరాలకి స్కేలబుల్ లింక్ ఇంటర్‌ఫేస్ అని కొత్త విస్తరణ చెప్పి మళ్ళీ బజారుకి తెచ్చింది. మరుసటేడు దానికి పోటీగా ఏటీఐ కంపెనీ క్రాస్‌ఫైర్ వచ్చింది. పాత ఇంటిపేరు, కొత్త సంతానం.

పంపకం పద్ధతి మాత్రం ఈసారి మారింది. ఆటల్లో నీడలూ, నీళ్ళలో ప్రతిబింబాలూ, పొగలూ పెరిగాక గీతల లెక్కన పంచుకోవడం కుదరలేదు. తెరని అడ్డంగా కోసి పై సగం ఒకరికి, కింద సగం ఒకరికి ఇస్తే, పైన ఉత్త ఆకాశం, కింద యుద్ధమంతా. పైవాడు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. అందుకని ఎక్కువగా వాడింది వంతుల పద్ధతి. ఒక ఫ్రేము నీది, తర్వాతి ఫ్రేము నాది.

ఈ వంతుల సంగతి నాకు కంప్యూటర్ల కంటే ముందే తెలుసు.

మా అమ్మమ్మది రేపల్లె పక్కన పల్లె. ఆవకాయ రోజుల్లో వసారాలో రోట్లో మిరపకాయలు దంచేవాళ్ళు. మరలో ఆడిస్తే కారం వేడెక్కి రంగు పోతుందని అమ్మమ్మ నమ్మకం. ఒక్కతే దంచితే పొద్దుగూకుతుందని పక్కింటి అత్తని పిలిచేది. ఒకే రోలు, రెండు రోకళ్ళు. ఈమెది లేచేసరికి ఆమెది దిగాలి, ఆమెది లేచేసరికి ఈమెది దిగాలి. చేతులు కలిసినంతసేపూ చూడముచ్చటగా ఉండేది. దబ్, దబ్, దబ్, మధ్యలో ఇద్దరి గొంతుల్లోంచీ హుఁ, హుఁ అని ఊపిరి. కానీ అత్తది పడుచు వయసు, చెయ్యి వేగం. కాసేపటికి లయ చెడేది. ఆమె పోటు, వెంటనే అమ్మమ్మ పోటు, తర్వాత ఎడం, మళ్ళీ రెండు పోట్లూ ఒకదాని మీద ఒకటి. దబదబ్... దబదబ్. నిమిషానికి ఎన్ని పోట్లని లెక్కేస్తే ఒక్కతే దంచినదానికి రెట్టింపే. రోట్లో మిరపకాయకి మాత్రం ఆ జంట పోట్లలో రెండోది దండగ. కాయ పక్కకి దొర్లేలోపే పడిపోయేది. ఒక్కోసారి పొన్నూ పొన్నూ తగిలి ఠంగుమనేది. అప్పుడు ఇద్దరూ ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుని, తప్పు ఎవరిదో తేలకుండా మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు.

కార్డుల దగ్గర జరిగేదీ ఇదే. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కోదానికీ 16 మిల్లీసెకన్ల పై చిల్లర. రెండు కార్డులూ వంతులు సరిగ్గా ఎడం పెట్టుకుంటే కంటికి నున్నగా ఉంటుంది. అలా కాక ఒక ఫ్రేము 5 మిల్లీసెకన్లకీ తర్వాతది 28 మిల్లీసెకన్లకీ వస్తే, తెర మూలనున్న ఫ్రేముల అంకె 60 అనే చూపిస్తుంది, కంటికి 35 లా గుచ్చుకుంటుంది. మైక్రో స్టట్టర్ అని పేరు దానికి. చాలాకాలం అది ఉందనేవాళ్ళూ, నీ కళ్ళే బాలేవనేవాళ్ళూ రెండు జట్లుగా కొట్టుకున్నారు. 2013 ప్రాంతంలో ప్రతి ఫ్రేము అంచునా ఒక రంగు పట్టీ వేసి, తెర మీదికి వచ్చేదంతా రికార్డు చేసి కొలవడం మొదలయ్యాక గుట్టు బయటపడింది. నాలుగు గీతల మందాన మెరిసి మాయమైన ఫ్రేమునీ నిండు ఫ్రేముగానే లెక్క రాసుకుంటున్నారన్నమాట. దబదబ్.

ఇక్కడ ఒకే ఒరలో రెండు కత్తుల సామెత ఎవరైనా అందుకుంటారని భయంగా ఉంది. ఈ ఒరలో నాలుగు కత్తులైనా పడతాయి. పట్టనిది వేడి. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఏడాది పోయాక అన్నాడు కదా కొట్టతను, సరిగ్గా ఏడాదికి, 2016 వేసవిలో, కొత్త తరం కార్డులు దిగాయి. జీటీఎక్స్ 1070 అని ఒకటి, 8 జీబీ మెమరీతో, 150 వాట్లతో. నా దానికంటే ఐదు వాట్లు ఎక్కువ, మెమరీ రెట్టింపు, వేగంలో ఎక్కడికో పోయింది. నా పాతది అమ్మితే పదిహేను వేలు వస్తుంది. ఇంకో పాతిక వేసుకుంటే కొత్తది ఇంట్లో ఉంటుంది. లేదా పదిహేను వేలకే నాదానిలాంటిది ఇంకొకటి సెకండ్ హ్యాండ్‌లో కొని ఆ ఖాళీ నింపొచ్చు. పది వేలు మిగులుతాయి. కాగితం మీద రాసుకుని మా ఆవిడకి చూపించాను. ఆవిడ కాగితం చూడకుండానే, "ఉన్న ఒక్కదానితో ఆడుకోవడానికే మీకు టైమ్ లేదు కదండీ, రెండోది ఎప్పుడు ఆడుతుందట?" అంది. ఈ వ్యాసంలో రాసిన సాంకేతిక విషయాలన్నింటిలోకీ సరైనది ఆ ప్రశ్నే.

అయినా రెండోదే తెచ్చాను. స్లాటుకి ఎనిమిది వేలు కట్టి ఉన్నాను కదా. ఊచలు ఉన్నాయి కాబట్టి అంతస్తు లేపాలి.

వేసిన రాత్రి బాగానే గడిచింది. రెండు కార్డుల నెత్తి మీద వేలెడంత బ్రిడ్జి, కాడి వేసినట్టు. టెస్టు పెడితే అంకె దాదాపు 80 శాతం పెరిగింది. అర్ధరాత్రి ఒంటిగంటకి నవ్వుకుంటూ పడుకున్నాను. మర్నాటి నుంచి ఆటలు ఆడటం మొదలుపెట్టాను, చిక్కంతా అక్కడ. కొన్ని ఆటలు ఈ జంటని గుర్తుపట్టి ఎగిరేవి. కొన్నింటికి అసలు తెలియదు. ఆట తయారైనప్పుడే రెండు కార్డులకి తగ్గట్టు రాసి ఉండాలి, డ్రైవర్‌లో ఆ ఆట పేరు మీద ప్రత్యేకంగా ఒక ప్రొఫైల్ ఉండాలి. అవి లేకపోతే రెండో కార్డు ఊరికే వేలాడుతుంది. నాది పని లేనప్పుడు ఫ్యాన్లు ఆపేసే రకం. పైది ఈలలేస్తూ చాకిరీ చేస్తుంటే కిందది రెక్క కూడా కదపకుండా పడుకుని ఉండేది. కొత్తగా వచ్చిన పెద్ద ఆటలకి 4 జీబీ చాలడం లేదు. నాలుగూ నాలుగూ ఎనిమిది అయిందిగా అనుకున్నాను. కాదు. వంతులవారీగా అవే బొమ్మలు గీయాలి కాబట్టి రెండు కార్డులూ ఒకే సరుకుని ఎవరి దగ్గర వాళ్ళు పూర్తిగా పెట్టుకోవాల్సిందే. ఒకే పాఠ్యపుస్తకం రెండు ప్రతులు కొన్నంత మాత్రాన పాఠాలు రెట్టింపు కావు.

ఏప్రిల్ వచ్చింది. కింది కార్డు ఊదిన వేడి గాలినే పై కార్డు పీల్చుకుంటుంది. పైది 80 డిగ్రీలు దాటగానే తనంతట తను వేగం తగ్గించుకునేది, దాంతో కిందది దాని కోసం ఆగేది. అమ్మమ్మా పక్కింటి అత్తా మళ్ళీ. కేబినెట్ పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాను పెట్టాను. గదిలో కూర్చుంటే పిండి మరలో కూర్చున్నట్టు ఉండేది. ఒకరోజు సాయంత్రం కరెంటు పోయింది. ఇంట్లో ఉన్న చిన్న యూపీఎస్ ఆ బరువు చూసి ఒక్కసారి కీచుమని అరిచి, ఆట సేవ్ అయ్యేలోపు అన్నీ ఆర్పేసింది. పెద్దది కొనాల్సి వచ్చింది, ఆరున్నర వేలు. మిగిల్చిన పది వేల లెక్క ఏమైందో చూడండి. స్లాటు కోసం ముందే కట్టిన ఎనిమిది పోగా మిగిలేది రెండు. యూపీఎస్‌కి ఆరున్నర. నాలుగున్నర వేలు నష్టానికి, 8 జీబీ చల్లటి కార్డు బదులు 4 జీబీ కుంపట్లు రెండు.

తప్పెవరిదని ఆలోచిస్తే ఎవరిదీ అనలేం. రెండు కార్డులు పెట్టుకునేవాళ్ళు పిడికెడు మంది. వాళ్ళ కోసం ఆట రాసేవాళ్ళు ఎన్ని రాత్రులు మేలుకుంటారు? పైగా ఆ రోజుల్లోనే ఆటల పని తీరు మారింది. బొమ్మ అంచులు నునుపు చేయడానికి ముందు ఫ్రేములోంచి సమాచారం తీసుకోవడం మామూలైపోయింది. ముందు ఫ్రేము పక్కింటి కార్డు దగ్గర ఉంది. గోడ మీంచి గిన్నె అందించుకోవాలి. అందించుకునేంతలో వంతు దాటిపోతుంది. ఆటకీ కార్డుకీ మధ్య మాట నడిపే సాఫ్ట్‌వేర్, 2015లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12, ఈ సంసారం దిద్దుకునే బాధ్యతని చాలావరకు ఆట రాసేవాళ్ళకే అప్పగించింది. యాషెస్ ఆఫ్ ద సింగ్యులారిటీ అనే ఆట ఏఎండీ కార్డునీ ఎన్‌విడియా కార్డునీ ఒకే కాడికి కట్టి నడిపి చూపించింది కూడా. వియ్యంకులిద్దర్నీ ఒకే మంచం మీద పడుకోబెట్టినంత పని. మెచ్చుకున్నవాళ్ళు చాలామంది, అనుసరించినవాళ్ళు తక్కువ.

ఆ తర్వాత కథ గబగబా అయిపోయింది. 2016 తరంలో చవక కార్డు 1060కి బ్రిడ్జి తగిలించే చోటే లేదు. 2020 తరంలో ఆ వసతి 3090 ఒక్కదానికే మిగిలింది. 2021 నుంచి పాత కార్డులకి కొత్త ప్రొఫైళ్ళు రాయడం ఆపేస్తామని ఎన్‌విడియా చెప్పేసింది. 2022లో వచ్చిన 4090కి ఆ చోటు పూర్తిగా పోయింది. పోనీ ఉన్నా రెండోది ఎక్కడ పెడతారు? ఒక్కటే 450 వాట్లు తాగుతుంది, ఇటుకంత మందం, పక్క స్లాట్లన్నీ దాని కిందే నలిగిపోతాయి. నా జంటలో రెండోదాన్ని అప్పటికే అమ్మేశాను. కొన్నవాడు ఒక కుర్రాడు. "ఖాళీ స్లాటు ఉందన్నా, అందుకని" అన్నాడు. ఏదో చెబుదామని నోరు తెరిచి, డబ్బులు లెక్కపెట్టుకున్నాను.

రోకళ్ళ సంగతి సగంలో వదిలేశాను. మూడో రోజుకి అమ్మమ్మ విసుగెత్తి, "అమ్మాయ్, నీ చెయ్యీ నా చెయ్యీ కుదరవు గానీ, దంచడం నాకొదిలెయ్. నువ్వు జల్లించు" అంది. ఇక ఆ వసారాలో ఠంగు వినబడలేదు. అమ్మమ్మ తన పాటికి తను దంచేది. అత్త పక్కన చాప మీద జల్లెడ పట్టుకుని, నలగని గింజలు మళ్ళీ రోట్లోకి తోసేది. ఒకరి కోసం ఒకరు ఆగాల్సిన పని తక్కువ.

రెండో కార్డు ఈ మధ్య మళ్ళీ బతికింది ఈ జల్లెడ పనితోనే. ఆట గీయడం ఒకటి చేస్తే, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య కొత్త ఫ్రేములు పుట్టించి అతికించే పని ఇంకో చిన్న కార్డుకి అప్పజెప్పే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇంట్లోనే ఏఐ మోడళ్ళు నడుపుకునేవాళ్ళయితే మోడల్‌ని పొరలుగా విడదీసి, కొన్ని పొరలు ఒక కార్డులో, మిగతావి రెండోదాంట్లో పెడుతున్నారు. అక్కడ ఎవరి సరుకు వాళ్ళది, కాబట్టి మెమరీ నిజంగానే కలుస్తుంది. 24 జీబీల పాత 3090లు రెండు పక్కపక్కన పెట్టి 48 జీబీ అనుకునేవాళ్ళని చూస్తే నాకు కొంచెం అసూయ. నాలుగూ నాలుగూ ఎనిమిది వాళ్ళకి దక్కింది.

పోయిన నెల మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు. "మావయ్యా, కొత్త పీసీకి కార్డు ఒకటా, రెండా?" అన్నాడు. వాడి ఉద్దేశంలో ఆటలు ముఖ్యం, ఏఐ పక్క వాయిద్యం. నేను ఇందాకటి నుంచి మీకు చెప్పిందంతా వాడికి చెప్పాను, రోకళ్ళతో సహా. "ఆటలకైతే ఒకటేరా. డబ్బంతా దాని మీదే పెట్టు, మెమరీ ఎక్కువున్నది తీసుకో, కళ్ళు మూసుకో" అన్నాను. వాడు ఊఁ కొట్టాడు. వేరే ఏదో చూస్తూ ఊఁ కొడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

శనివారం ఇద్దరం సీటీసీకి వెళ్ళాం. మెట్లు అవే, నేను మాత్రం మధ్యలో ఒకచోట ఆగాను. 16 జీబీల కార్డు ఒకటి తీసుకున్నాం. వాడు బుద్ధిగా ఒకటే అడిగాడు, నాకు గర్వంగా అనిపించింది. మదర్‌బోర్డు దగ్గరికి వచ్చేసరికి వాడి వేలు రెండు పెట్టెల మధ్య ఆడింది.

"ఇది చాలు గానీ మావయ్యా, దీంట్లో రెండో స్లాటు కూడా ఎనిమిది లేన్లతో నడుస్తుంది. నాలుగు వేలే తేడా."

"ఎందుకురా?"

"ఊరికే. తర్వాత ఎప్పుడైనా..."

అక్క పంపిన డబ్బు అప్పటికే అయిపోయింది. కొట్టతను వాడి వైపు చూడటం మానేసి నా వైపు చూశాడు. నేను ఫోన్ తీసి, గల్లా పెట్టె మీదున్న కోడ్ స్కాన్ చేసి, నాలుగు వేలు కొట్టాను.